రహీము మాష్టారుగారి జీవితము

రజతోత్సవ సంచికలలో కవుల జీవితములు, దేశనాయకుల జీవితములు, దాతల జీవితములు ప్రకటించుట వాడుక. ఫుట్‌బాల్ ఆట నేర్పిన ఒక బడిపంతులు జీవితమునకు ఇట్టి సంచికలో చోటేమిటని కొందరికి తోపవచ్చును. వారికి నా మనవి యొక్కటే. సాయంకాలము మన గ్రంథాలయమునకు వచ్చు బాలురలో సగము మంది వార్తాపత్రికను వెనుకపుట నుండియే చదువుదురు. ఆ ఆటల పుటలో మన హైదరాబాదు పేరు ఒకప్పుడు ఎంత గొప్పగా వెలిగినదో, వెలిగించిన వారెవరో, ఆ వెలుగు ఎందులకు సన్నగిల్లినదో ఆ బాలురకు చెప్పువారు కానరారు. పెద్దలకు సైతము సయ్యద్ అబ్దుల్ రహీము అను పేరు 2024లో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చిన పిమ్మటనే చెవిని బడినది. చలనచిత్రమున కథకు కావలసిన రంగులు కొన్ని కలుపుదురు. రంగులు కలుపని జీవితమే మిక్కిలి రుచిగా నున్నదని నా అభిప్రాయము.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. అది నిజాము ప్రభుత్వపు కాలము. సికింద్రాబాదు, బొల్లారము కంటోన్మెంటులలో ఆంగ్లేయ పటాలములు విడిసియుండెడివి. సిపాయిలు సాయంకాలము తోలుబంతి తన్నుచుండగా చుట్టుపట్ల పిల్లలు చూచి, తామును గుడ్డపీలికలు చుట్టి బంతిగా జేసి తన్నుచుండిరి. ఆట ఈ విధముగా కంటోన్మెంటు గీత దాటి బస్తీలలోనికి వచ్చినది. రహీముగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి బి.ఏ. పట్టము పొందిరి. చదువుకొను దినములలో విశ్వవిద్యాలయపు జట్టునందు ఆడి మంచి ఆటగాడని పేరు తెచ్చుకొనిరి. అంతమాత్రముననే ఆయన పేరు నేటివరకు నిలిచియుండెడిది కాదు. ఆయన ఆడిన ఆటకంటె ఆడించిన ఆట గొప్పది.

పట్టము పుచ్చుకొనిన పిమ్మట ఆయన ఉపాధ్యాయవృత్తిని స్వీకరించిరి. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను పనిచేసిరి. వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, పాఠశాలలలో ఆటల బాధ్యత వహించిరి. కడవరకు జనులు ఆయనను రహీమ్ సాబ్ అని గౌరవముతో పిలుచుచు వచ్చిరి.

ఆయన బడిపంతులగుటయే ఆయన విజయమునకు మూలకారణమని నేను తలంతును. సైన్యాధికారి జట్టునకు శిక్షకుడైనచో శాసించును. పేరుపొందిన పాత ఆటగాడైనచో తాను ఆడినట్లు ఆడుమనును. బడిపంతులు లెక్క వేరు. ఒకటవ తరగతిలో అక్షరములు దిద్దించినవాడు పిల్లవాడు మెట్రిక్యులేషన్ దాటువరకు ఏ ఏట ఏది నేర్పవలెనో ఎరుగును. పరీక్ష నెలరోజు లుండగా అక్షరాభ్యాసము చేయించుటకు పూనుకొనడు. ఆ కాలమున దేశమందంతట ఫుట్‌బాల్ జట్ల విషయమున జరుగుచున్నది సరిగా అదియే. పోటీ దగ్గరపడగానే పదునెనిమిది ఇరువది మందిని పోగుచేయుట, కొలది వారములు పరుగెత్తించుట, ఓడ ఎక్కించుట! ఓడిపోయిన దైవము కలసిరాలేదనుట. నారుమడి లేక నాట్లు వేయ బూనినట్లున్న ఈ పద్ధతి చూచి రహీముగారు నారుమడి దగ్గరనే పని మొదలుపెట్టిరి.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయిరి. నాటినుండి మరణించు వరకు, అనగా ఇరువది సంవత్సరములు, ఆ బాధ్యతను విడువలేదు. రాష్ట్రములు కలసి ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మట సంఘములును కలసినవి. పని మాత్రము ఆయనదే. కార్యదర్శి పదవి యనగా మనకు తెలియనిది కాదు. మన గ్రంథాలయ కార్యదర్శి నడుగుడు, చెప్పును: చందాలు వసూలు చేయుట, చాపలు పరపించుట, తగవులు తీర్చుట. రహీముగారు ఆ పనులన్నియు చేయుచునే, బాలుర కొరకు కొన్ని విచిత్రమైన పోటీలు కల్పించిరి. వానిని గూర్చి కొంచెము విస్తరముగా చెప్పవలెను. ఏలయన, ఆయన ఆలోచన అంతయు వానియందే కలదు.

ఒక పోటీలో బంతిని దొరలించుకొని పోవుట నిషేధము. సాధారణముగా బాలుడు బంతి దొరకినంతనే దానిని ప్రాణము వలె పట్టుకొని, ఎదురు వచ్చినవారి నందరిని తప్పించుకొనుచు తానొక్కడే గోలు వరకు పోవలెనని చూచును; చుట్టుజేరినవారు భళాయని కేకలు వేయుదురు. ఈ పోటీలో అది కుదరదు. బంతి కాలికి తగిలిన వెంటనే తోటివానికి అందింపవలెను. అందింపవలెనన్నచో బంతి రాకమునుపే ఎవ డెక్కడ నున్నాడో తల ఎత్తి చూచి యుండవలెను. బంతిలేనివాడు నిలుచుండిపోక, ఖాళీ చోటునకు పరుగెత్తవలెను. ఇది ఉపన్యాసముతో నేర్పదగిన విద్య కాదు. అందుచేత నియమములోనే దానిని ఇమిడ్చిరి. ఆ నియమము క్రింద రెండు సంవత్సరములు ఆడిన పిల్లవానికి ఇక ఎవ్వరును చెప్పనక్కరలేదు.

మరియొక పోటీ బలహీనమైన కాలితో ఆడునది. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటము గలవాడు కుడికాలితోను బంతి తన్నవలెను. మొదట చూచువారికి నవ్వు వచ్చెడిది కాబోలు. కాని ఒక్క కాలు మాత్రమే పనిచేయు ఆటగానిని అడ్డగించుట ఎంత సులభమో ఆడినవారికి తెలియును. ఒకవైపు మూసివేసిన చాలును. రెండు కాళ్లు సమానముగా నడచువానిని ఎటునుండి పట్టుకొనవలెనో తెలియక ఎదిరి తికమకపడును. పెద్దవాడైన తరువాత రెండవకాలు నేర్చుట, ముదిమిలో ఎడమచేతివ్రాత నేర్చుటవంటిది. పండ్రెండేండ్ల వయసులోనైనచో అది ఆటలో భాగముగా వచ్చును.

మూడవది పొట్టిపిల్లల పోటీ. ఒక నిర్ణీతమైన ఎత్తునకు మించినవారిని ఇందులో చేర్చుకొనెడివారు కారు. వయసునుబట్టి కాక ఎత్తునుబట్టి ఎందులకు నియమించిరో చెప్పుట కష్టము. నా ఊహ ఒకటి కలదు. ఆ దినములలో పుట్టినతేదీ కాగితములు ఎందరి వద్ద నుండెడివి? మీసములు వచ్చినవాడు సైతము పదునాలుగేండ్లవాడనని వచ్చి నిలిచెడివాడు. గోడకు గీచిన గీత అబద్ధ మాడదు. కారణ మేదియైనను, ఫలితము మాత్రము మేలైనది. బక్కపలుచని చిన్నపిల్లలు పెద్దవారి త్రొక్కిసలాటలో నలిగిపోక, తమ యీడువారితో ఆడి నేర్చుకొనుట కవకాశము కలిగినది. దేహబలముతో గెలుచుట అలవాటైన పిల్లవాడు, అందరును తనంతవారైన నాడు వెలవెలబోవును. నేర్పుతో గెలువ నేర్చినవాడు ఏనాటికైనను నిలుచును.

ఈ పోటీలకు పెద్ద సొమ్ము అక్కరలేదు. ఒక మైదానము, రెండు జతల కర్రలు, నియమము తప్పినప్పుడు ఈలవేయు న్యాయమూర్తి, ఇంతియే. కాని ఫలము వెంటనే కనబడదు. ఈ ఏట నీళ్లు పోసిన మొక్క ఎనిమిదేండ్లకు గాని కాపునకు రాదు. మన సంఘములు చాలవరకు ఏటేట వార్షికోత్సవమునకు చూపుటకు ఏదైనను కావలెనని కోరునవి. ఎనిమిదేండ్ల తరువాతి ఫలమునకై ఈనాడు ఓపికపట్టు కార్యదర్శి దొరకుట అరుదు.

ఇక పెద్దల ఆట. 1950లో రహీముగారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులయిరి. ఆ జట్టు అంతకు మునుపే పేరు పొందినది. అందలి ఆటగాండ్రు పేదకుటుంబముల వారు. పోలీసుశాఖలో కొలువుండుటచేత నెలజీతము వచ్చుచుండెను. ఇంటిలో పొయ్యి వెలుగునను నమ్మకముండినగాని ఉదయమే లేచి మైదానమునకు వచ్చువాడుండడను సంగతి రహీముగారు బాగుగా ఎరుగుదురు. ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు గెలుచుకొనినది. కలకత్తాలోని పెద్ద పెద్ద క్లబ్బులకు సైతము ఆశ్చర్యము కలిగించిన విషయమిది. ఢిల్లీలోని డ్యూరండు కప్పును కూడ గెలిచినది. రాష్ట్రముల నడుమ జరుగు సంతోషు ట్రోఫీ పోటీలో హైదరాబాదు జట్టు 1956లోను, 1957లోను వెంటవెంటనే విజయము పొందినది. ఆ విజయములు పైన చెప్పిన నారుమడి నుండి వచ్చిన పంట.

ఇంతలో దేశము ఆయనను పిలిచినది. 1948లో లండను ఒలింపిక్సులో మనవారు, చాలమంది వట్టికాళ్లతోనే ఆడి, ఫ్రాన్సు చేతిలో 2–1 గోళ్ల తేడాతో ఓడిరి. రెండు పెనాల్టీలు చేజార్చుకొనకున్నచో గెలుపు మనదే. 1950లో బ్రెజిలులో జరిగిన ప్రపంచకప్పునకు పోవు అవకాశము వచ్చియు మన జట్టు పోలేదు. ఆ సమయమున జాతీయజట్టు బాధ్యత రహీముగారికి వచ్చినది. 1951 మార్చిలో ఢిల్లీ నగరమున మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినవి. శైలేన్ మన్నా నాయకత్వమున ఆడిన మనజట్టు ఫైనలులో ఇరాను జట్టును మేవాలాలు కొట్టిన ఒక్క గోలుతో ఓడించి స్వర్ణపతకము గెలిచినది. దేశమంతట సంతోషము వెల్లివిరిసినది.

మరుసటి సంవత్సరము ఆ సంతోషము మంచువలె కరగినది. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా మనపై పది గోళ్లు కొట్టినది. మనవారు కొట్టినది ఒక్కటి. చలిదేశమున తడిసిన పచ్చికపై మనవారిలో పలువురు వట్టికాళ్లతోనే ఆడిరి. వట్టికాళ్లతో ఆడుట అప్పటివరకు మనకు గర్వకారణముగా నుండెను. 1911లో మోహన్ బగాన్ జట్టు వట్టికాళ్లతో ఆంగ్లేయ పటాలమును ఓడించిన కథ ప్రతి బాలునకు కంఠస్థము. ఆ గర్వమునకు హెల్సింకిలో పెద్ద వెల చెల్లించవలసివచ్చినది. ఆ ఓటమి పిమ్మట అఖిలభారత సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసినది. పది గోళ్ల ఓటమి తరువాత శిక్షకుని తొలగించి, కొత్తవానిని తెచ్చి, మరల మొదటినుండి ఆరంభించుట సాధారణముగా జరుగు పని. 1954లో మనీలా ఆసియా క్రీడలకు మరియొకరు శిక్షకులుగా పోయిరి, పతకము రాలేదు. పిమ్మట రహీముగారిని మరల పిలిచిరి. ఆయన ఈ మధ్యకాలమున హైదరాబాదులో తన పిల్లల పోటీలు నడుపుకొనుచునే యుండిరి.

ఆ దినములలోనే ఆయన కంట బడినవాడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ గ్రామమున పేదయింట పుట్టిన పిల్లవాడు. స్థానికపు ఆటలో అతని కాలినేర్పు చూచి రహీముగారు శిక్షణకు రమ్మనిరి. దూరము చాలనున్నది, వచ్చుటకు డబ్బు లేదని ఆ పిల్లవాడు సంకోచించెను. అద్దెసైకిలునకు కావలసిన పైకము రహీముగారే ఇచ్చిరని చెప్పుదురు. ప్రణాళిక యనగానే మనము లక్షల రూపాయలు, కమిటీలు, నివేదికలు తలచుకొందుము. కొన్ని సమయములందు అది ఒక సైకిలు అద్దె మాత్రమే. ఆ సైకిలు ఎక్కి వచ్చిన కుర్రవాడు 1956లో ఒలింపిక్సునకు పోయినాడు.

మెల్బోర్ను నగరమున జరిగిన ఆ 1956 ఒలింపిక్సు మన ఫుట్‌బాల్ చరిత్రలో మిక్కిలి ఎత్తైన మెట్టు. సమర్ బెనర్జీ జట్టు నాయకుడు. బలరామే కాక అజీజుద్దీన్, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీన్ మున్నగు హైదరాబాదు ఆటగాండ్రు ఆ జట్టులో నుండిరి. ఒక్క నగరము నుండి ఇందరు జాతీయజట్టునకు పోవుట యాదృచ్ఛికము కాదు. ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4–2 తేడాతో ఓడించిరి. అందు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు కొట్టెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో ఆసియా ఖండమువాడు ఒకే ఆటలో మూడు గోళ్లు కొట్టుట అదే మొదలు. సెమీఫైనలులో ఎదురైనది మరల ఆ యుగోస్లావియాయే. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు కొట్టినవారిపై ఈసారి తొలి గోలు మనదే. చివరకు 4–1 తేడాతో ఓడితిమి. కంచుపతకము కొరకు బల్గేరియాతో జరిగిన ఆటలోను ఓడితిమి. నాలుగవస్థానము దక్కినది. ఆసియా దేశములలో అంతవరకు అంతదూరము పోయిన జట్టు లేదు.

పది గోళ్ల దూరమును నాలుగేండ్లలో ఇంత తగ్గించిన విధము గమనింపదగినది. బూట్లు ఒక కారణము. అంతకంటె ముఖ్యము ఆటవిధానములో మార్పు. వెనుక ఇద్దరే రక్షకులుండు పాతపద్ధతిని రహీముగారు క్రమక్రమముగా విడిపించి, లోకమునందు వచ్చుచున్న కొత్తపద్ధతులను మనవారికి అలవాటు చేసిరి. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురుగా నిలుచు పద్ధతికి 1958లో బ్రెజిలు ప్రపంచకప్పు గెలిచిన పిమ్మట లోకప్రసిద్ధి కలిగినది. మనజట్టు దానిని త్వరలోనే అలవరచుకొనినది. పొట్టి పాసులు, నేలబారుగా అందించుట, ఒక్క తాకుతో విడుచుట అను మూడును ఆయన పాఠములు. మనవారు యూరోపువారివలె దేహపుష్టి గలవారు కారు. గాలిలో ఎగిరిన బంతికొరకు వారితో పోటీపడిన ఓటమి తప్పదు. బంతి నేలమీద నున్నంతసేపు మనవాడు ఎవ్వరికిని తీసిపోడు. తన పిల్లలకు ఏది చేతనగునో, ఏది చేతకాదో ఎరిగి పాఠము చెప్పుట కూడ బడిపంతులు గుణమే.

మరియొక లోపము ఆయన చేతిలో లేనిది. ఒలింపిక్సులో ఆట తొంబది నిమిషములు. ఆ దినములలో మన దేశమునందలి పోటీలు డెబ్బది నిమిషములతోనే ముగియుచుండెడివి. డెబ్బది నిమిషములకు అలవాటుపడిన ఊపిరి కడపటి ఇరువది నిమిషములు ఎక్కడనుండి తెచ్చుకొనును? నియమము మార్చిన తీరునది; మార్చుటకు చాలకాలము పట్టినది. పెద్ద ప్రణాళికలు ఇట్టి చిన్న చిల్లులవద్దనే కారిపోవుచుండును.

1960లో రోము ఒలింపిక్సు. ఈసారి నాయకుడు పి.కె. బెనర్జీ. ఎదురైనవారు హంగరీ, ఫ్రాన్సు, పెరూ. హంగరీతో 2–1 తేడాతో మాత్రమే ఓడిరి. మన గోలు బలరాము కొట్టినది. పండ్రెండేండ్ల క్రితము మనలను ఓడించిన ఫ్రాన్సుతో 1–1గా సరిసమానముగా నిలిచిరి. రహీముగారి కుమారుడు హకీము కూడ ఆ జట్టులో నొకడు. పతకము రాలేదు. నాటి తరువాత నేటివరకు మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్సు గడప త్రొక్కలేదు.

ఇక జకార్తా. 1962 నాటికి రహీముగారి ఊపిరితిత్తులలో క్యాన్సరు ప్రవేశించినది. ఆ దేహముతోనే ఆయన జట్టును ఆసియా క్రీడలకు తీసికొనిపోయిరి. చూనీ గోస్వామి నాయకుడు. ముందు వరుసలో పి.కె., చూనీ, బలరాం. ఈ మువ్వురి పేర్లు ఒక్క ఊపిరిలో పలుకుట నాటివారికి అలవాటు. హైదరాబాదు వాడైన యూసుఫ్ ఖాను కూడ జట్టులో నుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో ఓడిరి. పిమ్మట థాయిలాండును 4–1తోను, జపానును 2–0తోను గెలిచిరి. థాయిలాండుతో ఆడునపుడు రక్షకుడైన జర్నైల్ సింగునకు తల పగిలి కుట్లు పడినవి. తలకు కట్టుతో ఉన్నవాడు వెనుక నిలిచి, ఎగిరివచ్చు బంతులను తలతో ఆపుట ప్రమాదము. ఇంటికి పంపివేయుట నష్టము. రహీముగారు మరియొకరికి తోపని ఉపాయము చేసిరి. జర్నైలును రక్షణ నుండి తీసి, సెంటర్ ఫార్వర్డుగా ముందు నిలిపిరి. వెనుక బరువంతయు అరుణ్ ఘోషు మీద పడినది. చిన్ననాడు జర్నైలు ఫార్వర్డుగా ఆడియుండెనను సంగతి ఎరిగియే ఈ పని చేసిరని కొందరందురు. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3–2తో ఓడించినపుడు జర్నైలు ఒక గోలు కొట్టెను.

ఫైనలు సెప్టెంబరు 4వ తేదీన. ఎదురుగా నున్నది మొదటి ఆటలో ఓడించిన దక్షిణ కొరియాయే. సెనయాన్ స్టేడియములో లక్షమంది వరకు జనము. ఆ క్రీడలకు ఇజ్రాయేలు, తైవాను జట్లను రానీయకపోవుటను గూర్చి క్రీడాసంస్థలలో పెద్దయైన భారతీయుడు గురుదత్ సోంధి ఆక్షేపణ తెలుపుటచేత జకార్తాలో మనవారిపై ఆగ్రహము రగులుచుండెను. మన దౌత్యకార్యాలయము మీదను దాడి జరిగినది. మైదానమున మన జట్టు కానవచ్చినంతనే జనము గేలిచేయసాగిరి. ఆటకు ముందు రహీముగారు ఆటగాండ్రను కూర్చుండబెట్టి, తనకొక కానుక కావలెననియు, అది స్వర్ణపతకమే యనియు అడిగిరని ఆ జట్టువారు తరువాత చెప్పుకొనిరి. జ్వరముతో పడియుండి కోలుకొనిన గోలుకీపరు తంగరాజు ఆ దినమున బరిలో నిలిచెను. పదునేడవ నిమిషమున పి.కె. గోలు. ఇరువదవ నిమిషమున తలకు గాయముతో నున్న జర్నైలు గోలు. కొరియా కడపట ఒక గోలు తీర్చుకొనినది. అప్పటికి కాలము మించినది. 2–1తో స్వర్ణము మనదైనది.

ఆ విజయమునకు తొమ్మిది నెలలు నిండగనే, 1963 జూన్ 11వ తేదీన రహీముగారు స్వర్గస్థులయిరి. వయస్సు ఏబదినాలుగు నిండలేదు.

ఇచ్చట ఒక మాట నిష్ఠురముగా చెప్పక తప్పదు. ఆ స్వర్ణమే ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాలునకు కడపటి స్వర్ణము. ఆయనతో సమానుడైన శిక్షకుడు దొరకలేదని అనుట సులభము. అది సగము సత్యమే. ఆయన హైదరాబాదులో పిల్లల కొరకు నడిపిన పద్ధతిని దేశమందలి ప్రతి రాష్ట్రసంఘము చేత నడిపింపవలసిన బాధ్యత పెద్దలది. వారు జాతీయజట్టును ఆయన చేతికిచ్చిరి గాని, ఆ జట్టు పుట్టుటకు కావలసిన పది పదునైదేండ్ల ముందుపని ఆయన చేతికి ఇయ్యలేదు. పంట కోయుటకు పిలిచి, విత్తుటకు పొలమీయనట్లాయెను. పతకములు వచ్చినంతకాలము పద్ధతిని గూర్చి ఎవ్వరును అడుగలేదు. పతకములు ఆగినపుడు చెప్పువాడు లేడు. ఒక్కని భుజముపై నిలిచిన పని ఆ భుజము వాలినపుడు ఏమగునో మన గ్రామములలోని సంఘములు చూచినవారికి విశదము.

హైదరాబాదునకు కలిగిన నష్టము మరొకటి. ఇచ్చట పెరిగిన ఆటగాండ్రను కలకత్తా క్లబ్బులు మంచి వేతనమిచ్చి తీసికొనిపోవుచుండెను. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరెను. తరువాత కాలమున నయీముద్దీన్, హబీబు మున్నగువారును అటే పోయిరి. వారిని తప్పుపట్టుటకు లేదు. పేదయింటివాడు వేతనమున్నచోటికి పోవును. పాతవారు పోయినను వెనుకనుండి కొత్తవారు వచ్చుచుండినంతవరకు నగరమునకు లోటు తెలియలేదు. ఆ పిల్లల పోటీలు సన్నగిల్లిన తరువాత తెలిసినది. రహీముగారు లేకున్నను, ఆయన నాటిన మొక్కలు మాత్రము కొంతకాలము కాపునిచ్చినవి. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోషు ట్రోఫీని గెలిచినది. 1970లో బాంకాకు ఆసియా క్రీడలలో మనకు కంచుపతకము వచ్చినపుడు నాయకుడు హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీనే. శిక్షకులలో నొకరు హైదరాబాదువారే యగు జి.ఎం.హెచ్. బాషా, వేరొకరు రహీముగారి వద్ద ఆడి నేర్చిన పి.కె. బెనర్జీ. ఆ కంచు తరువాత ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ పతకము మనకు మరల రాలేదు.

రహీముగారి కుమారుడు హకీము అంతర్జాతీయ న్యాయమూర్తిగా పేరు పొంది, 2021లో మరణించెను. జకార్తాలో ముందువరుసన ఆడిన ఆ మువ్వురిలో పి.కె., చూనీలు 2020లో కొలదివారముల తేడాతో గతించిరి. ముగ్గురిలో కడపటివాడు అమ్ముగూడ బలరాం. బంగాళమునందే స్థిరపడి, హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఒంటరిగా జీవించి, 2023 ఫిబ్రవరి 16వ తేదీన కన్నుమూసెను.